తొమ్మిదిమంది, ఒకే తప్పు

కరుణాకుమారి మొగపాళెం ఎలిమెంటరీ స్కూల్లో చేరడానికి వచ్చిన రోజు బడికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో పాళెంలో ఒక్కరికీ తెలియదు. అంతకు ముందున్న పంతులు సెలవు పెట్టి పోయినవాడు మళ్ళీ ఆ వైపు తొంగి చూడలేదు. తలుపు సందులోంచి చూస్తే లోపల వలలు గుట్టగా పడి ఉన్నాయి.

“తాళం వేసిన బళ్ళోకి వలలెట్టా వచ్చినాయి?” అని అడిగింది కరుణాకుమారి.

చేపల గంప దించి నిలబడ్డ పోలేరమ్మ అనే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“వెనకాల గోడ లేదు గదమ్మా!”

అది 1958 జూన్ నెల. కరుణాకుమారికి అప్పటికి ఇరవై మూడేళ్ళు. కావలిలో పుట్టి పెరిగింది. తల్లి లేదు. తండ్రి అబ్రహాము ఒక ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి మానుకున్నాడు. ఆమె ఎనిమిదో తరగతి ప్యాసై, టీచరు ట్రెయినింగు పూర్తి చేసి, ఎక్కడ వేస్తే అక్కడికి పోతానని రాసిచ్చింది. వేసిన చోటు ఇది. వాకాడు దాటి బస్సు దిగి, సరుగుడు తోటల మధ్య ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ నడిచి, ఉప్పుకాలువను పడవ మీద దాటితే మొగపాళెం. ఇటు కాలువ, అటు సముద్రం, మధ్యలో తాటాకు ఇళ్ళు.

కూతుర్ని ఒంటరిగా పంపడం ఇష్టంలేక అబ్రహాము కూడా పెట్టె సర్దుకుని వెంట వచ్చాడు. ఆ పెట్టెలో సగం గుడ్డలు, సగం టింక్చరు సీసాలు. వారం తిరక్కుండానే బళ్ళో పిల్లలకంటే ఆయన అరుగు మీద జనం ఎక్కువయ్యారు. వలతాడు కోసుకుపోయిన అరచేతులు, జెల్లచేప ముల్లు గుచ్చుకున్న పాదాలు, సెగగడ్డలు. ఆయన కట్టు కట్టేముందు ఒక్కటే అడిగేవాడు. “మీ ఇంట్లో బడీడు పిల్లకాయలు ఎందరుండారు? రేపు పంపుతావా?” పంపుతానంటేనే సీసా మూత తీసేవాడు. అట్లా గడ్డల పుణ్యమా అని బడి నిండింది.

నిండిన బడికి పాఠం చెప్పడం ఇంకో సంగతి. పాళెంవాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడేది అరవం కలిసిన మాట. ‘ఇల్లు’ను వాళ్ళు ‘వీడు’ అంటారు. “మీ ఇంటి గురించి రాయండర్రా” అంటే ఒకడు పలక మీద “మా వీడు పెద్దది. మా వీడుకి రెండు తలుపులు” అని రాసుకొచ్చాడు. కరుణాకుమారి నవ్వు ఆపుకోలేక పలకతో మొహం కప్పుకుంది. ఆ తరవాత కూర్చుని ఆలోచించింది. వీళ్ళకు తెలుగు చదువు రావాలంటే ముందు తెలుగు మాటలు రావాలి. ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులకూ తానొక్కతే టీచరు. పెద్దపిల్లల్ని చిన్నపిల్లలకు ఒప్పజెప్పక తప్పేది కాదు.

అట్లా ఒప్పజెప్పినవాళ్ళలో పోలేరమ్మ కూతురు మాలకొండమ్మ ఒకతి. తమ్ముణ్ణి చంకనేసుకుని, తొమ్మిదేళ్ళు దాటాక బళ్ళో అడుగుపెట్టింది. అక్షరాలు దానికి ఒక పట్టాన లొంగలేదు. కాని గొంతు మాత్రం అలల హోరును దాటి వినబడేది. అది ఎక్కం ఎత్తుకుంటే బడంతా దాని వెనకే పోయేది.

పంచాయతీ సమితులు ఏర్పడ్డాక 1961లో పైవాళ్ళు ఒక కొత్త పద్ధతి పెట్టారు. అంతవరకు ఏ బడి పరీక్ష ఆ బడిదే. ఇకమీదట అయిదో తరగతికి అన్ని బళ్ళకూ కలిపి ఒకటే ప్రశ్నపత్రం. పరీక్ష జరిగేది కాలువకవతల పెద్ద ఊరి బళ్ళో. దిద్దేది ఇంకెవరో. ఎవరి బడి నుంచి ఎంతమంది ప్యాసయ్యారో చూసి టీచర్ల పనితనం తేలుస్తారు.

మొదటి ఏడు మొగపాళెం నుంచి ఆరుగురు రాశారు. ఒక్కడు ప్యాసయ్యాడు.

టీచర్ల మీటింగులో డిప్యూటీ ఇన్స్పెక్టరు రంగనాయకులు గారు ఒక్కొక్క బడి పేరూ పైకి చదివారు. సన్నగా, పొడుగ్గా, గొడుగు మీద రెండు చేతులూ ఆనించి మాట్లాడే మనిషి. మొగపాళెం దగ్గర ఆగారు. కరుణాకుమారి లేచి నిలబడింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

“చేపలు పట్టుకునేవాళ్ళకు చదువెందుకని మీ అభిప్రాయమా అమ్మా?”

“కాదండీ.”

“అయితే వచ్చే ఏడు సగంమందైనా ప్యాసు కావాలి. లేకపోతే మీ ఇంక్రిమెంటు ఆగుతుంది. అక్కడ నాలుగు, అయిదు తరగతులు ఎత్తేసి పిల్లల్ని ఇవతలి బళ్ళో కలపమని రాస్తాను. ఇక కూర్చోండి.”

ఆమె కూర్చుంది. తల ఎత్తితే కన్నీళ్ళు కనబడతాయని, మీటింగయ్యేదాకా చెప్పుల మీద పడిన ఇసుకనే చూస్తూ ఉండిపోయింది.

బయటికొచ్చాక పెద్ద ఊరి హెడ్మాస్టరు ఓబయ్య గారు ఆమెను చెట్టు నీడకు పిలిచారు. మంచిమనిషే. రేవు దగ్గర పడవ ఆలస్యమైన రోజుల్లో ఆమెకు ఆయన ఇంటనే భోజనం.

“అమ్మా కరుణా, నీకు లోకం తెలవదు. నా బళ్ళో అందరూ ఎట్టా ప్యాసయినారనుకుంటుండావు? మొద్దులందర్నీ సంక్రాంతి కాడికే రిజిస్టర్లో కొట్టేసినా. ‘ఊరు విడిచి పోయిరి’ అని రాస్తే అడిగేవాడు లేడు. నువ్వూ గట్టిగా ఉండేవాళ్ళ నలుగుర్నే పంపు. నీ బడి నిలబడతది, నీ ఇంక్రిమెంటూ నిలబడతది.”

ఆ మాట ఆమె మనసులో పడింది. ఏడాది తిరిగి సంక్రాంతి వచ్చేసరికి అయిదో తరగతిలో తొమ్మిదిమంది ఉన్నారు. ఎవరెవర్ని తీసెయ్యాలో చెప్పడం కష్టమేమీ కాదు. అందరికంటే ముందు మాలకొండమ్మ. దానికి అప్పటికి పదమూడు నిండాయి, ఇంకా ఒత్తులు వదిలేసి రాస్తుంది. ఆ తరవాత ముత్యాలయ్య అనే నోరు విప్పని పిల్లవాడు. ఇంకొకరో ఇద్దరో. రిజిస్టరు ముందు పెట్టుకుని, కలం సిరాలో ముంచి కూర్చుంది. అరుగు మీద గుడ్డపీలికలు చుట్టుకుంటున్న అబ్రహాము కూతురి వైపు చూశాడు. ఆమె విషయం చెప్పింది.

“మంచి ఉపాయమే,” అన్నాడాయన. “చచ్చేటట్టుండే వాళ్ళను చేర్చుకోకుండా ఉంటే ఆసుపత్రిలో చావులే ఉండవు. కాని దాన్ని వైద్యమంటారా అమ్మా?”

ఆమె కలం తుడిచి పెట్టేసింది.

ఆ సాయంత్రమే పోలేరమ్మ ఇంటికి వెళ్ళింది. తరగతులు ఎత్తేస్తే ఏమవుతుందో చెప్పింది. పోలేరమ్మ ఉప్పుచేపలు తిరగేస్తున్న చెయ్యి ఆపింది.

“మగపిల్లకాయలు ఈదుకుంటా పోతారు పంతులమ్మా. ఆడబిడ్డను రోజూ కాలువ దాటించి పంపేంత గుండె నాకు లేదు. నాకేంది, ఈ పాళెంలో ఎవురికీ లేదు. ఈ బళ్ళో ఉండే చదువే దానికి చదువు.”

“అయితే సాయంత్రాలు కూడా పంపు. చేపలు ఎండేసే పని నువ్వు చూసుకో.”

“నేను చూసుకుంటాలే. నువ్వు దాన్ని చూసుకో.”

మిగతా తల్లులను పోలేరమ్మే ఒప్పించింది. ఆ రోజు నుంచి పొద్దు వాలాక ఒడ్డున, లాగిపెట్టిన పడవల పక్కన అయిదో తరగతి సాగింది. కరుణాకుమారి ఒక్కొక్కరినే దగ్గర కూర్చోబెట్టుకుని డిక్టేషను చెప్పేది, ఒత్తులు దిద్దేది. ముత్యాలయ్య చేత పలక మీద రాయించి, రాసింది పైకి చదివించి, గొంతు పెగిలేదాకా ఓపిక పట్టేది. మిగిలినవాళ్ళు ఈలోగా ఊరుకోకుండా ఎక్కాల పుస్తకం మాలకొండమ్మ చేతికిచ్చింది. పన్నెండో ఎక్కం దాకా తానే నేర్పింది. పదమూడు నుంచి పదహారు దాకా నువ్వు చెప్పించమంది. అది పడవ అంచెక్కి కూర్చుని, గొంతెత్తి పాడేది. కింద పిల్లలు అందుకునేవాళ్ళు. ఒడ్డున వలలు బాగుచేసే మగవాళ్ళు కూడా తెలియకుండానే తలలూపేవాళ్ళు. డిక్టేషను దిద్దుకుంటూ కరుణాకుమారి ఆ ధ్వని వింటూ ఉండేది. చెవులకు హాయిగా ఉండేది. ఒక్కొక్క మాటా విడిగా విన్నది లేదు.

మార్చిలో పరీక్ష. తెల్లవారేసరికి పాళెం పెద్ద చెంచయ్య తన పడవను కాలువలోకి దించాడు. తలంట్లు పోసుకుని, నూనె కారే జుట్లతో తొమ్మిదిమందీ ఎక్కారు. అబ్రహాము ఒక్కొక్కరి చేతికీ ఖాళీ మందుసీసాలో సిరా పోసి, బిరడా బిగించి ఇచ్చాడు. “మూడు వేళలా పుచ్చుకోండి,” అని నవ్వించాడు. పరీక్ష గదుల దగ్గరికి టీచర్లను రానివ్వలేదు. కరుణాకుమారి రోడ్డవతల జీడిమామిడి చెట్టు కింద కూర్చుంది. తెచ్చుకున్న అన్నం మూట విప్పకుండానే తిరిగి పడవెక్కింది.

ఏప్రిల్ మొదట్లో చెంచయ్య కాలువ అవతల నుంచే కేకేసుకుంటూ వచ్చాడు. తొమ్మిదిమందీ ప్యాసు! ఆడవాళ్ళు ఇళ్ళల్లోంచి బయటికి పరుగెత్తుకొచ్చారు. పోలేరమ్మ కూతురి నెత్తిన ఒక్కటి మొట్టి, వెంటనే దగ్గరికి తీసుకుని ఏడ్చింది. కరుణాకుమారి బడి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. ఒక మధ్యాహ్నం ఓబయ్య గారు తానే పడవ దాటి వచ్చారు. చేతిలో ఆఫీసు కవరు. మంచినీళ్ళిస్తే పుచ్చుకోలేదు.

“మీ పిల్లకాయల ఫలితాలు ఆపినారమ్మా. నోటి లెక్కల్లో తొమ్మిదిమందీ ఒకే లెక్క తప్పు చేసినారంట. తప్పు చేస్తే చేసినారు, అందరూ ఒకే జవాబు రాసినారంట. మూణ్ణాలుగు గదుల్లో కూర్చున్న పిల్లకాయలకు ఒకే తప్పు ఎట్టా వస్తాదని దిద్దినాయన పట్టుకున్నాడు.”

“చూసి రాశారంటున్నారా?”

“గదులు వేరే అయినప్పుడు చూసి రాసేదెట్టా? ముందే పేపరు ఎవురో చూపించి, జవాబులు చెప్పి పంపినారంటుండారు.”

“ఎవరో అంటే?”

ఓబయ్య గారు కవరు ఆమె చేతిలో పెట్టారు. కవర్లో కాగితం చెప్పింది. డిప్యూటీ ఇన్స్పెక్టరు గారు స్వయంగా వచ్చి విచారిస్తారు. అంతవరకు టీచరు ఆ పిల్లలకు పాఠం చెప్పకూడదు. తప్పని తేలితే ఉద్యోగం నుంచి ఎందుకు తీసెయ్యకూడదో సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఏ లెక్క తప్పిందో మాత్రం అందులో లేదు. ప్రశ్నపత్రాలు పరీక్షనాడే వెనక్కి తీసేసుకున్నారు.

పోయినేడు ఒక్కడే ప్యాసయినందుకు సిగ్గుపడింది. ఈ ఏడు అందరూ ప్యాసయినందుకు దొంగ అయింది. ఆ రెంటిలో మొదటిదే నయమనిపించింది ఆమెకు. తాను ఏమీ చేయలేదని తనకు తెలుసు. మరి పిల్లలు? ఆ అనుమానం ఒకసారి పుట్టాక దాన్ని తోసెయ్యడం ఆమె వల్ల కాలేదు. మాలకొండమ్మను పిలిచింది.

“నిజం చెప్పు. పరీక్షకు ముందు ఎవరన్నా మీకు జవాబులు చెప్పారా?”

“లేదు పంతులమ్మా. పోలేరమ్మ మీద ఒట్టు.”

“మీ అమ్మ మీదా, అమ్మవారి మీదా?”

మాలకొండమ్మ కొంచెం ఆలోచించింది. “ఇద్దరి మీదా,” అంది.

కరుణాకుమారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అబ్రహాము మాత్రం ఎప్పటిలాగే సీసాలు కడుక్కుంటూ, “నువ్వు చెయ్యలేదు, పిల్లకాయలు చెయ్యలేదంటుండారు. ఇంక దిగులెందుకు? ఆయన వచ్చి వెతుక్కోనీ,” అన్నాడు. అన్నాడే గాని ఆ వారమంతా ఆయనా సరిగా తినలేదు.

రంగనాయకులు గారు వచ్చిన రోజు గాలి ఎక్కువగా ఉంది. కాలువ దాటేసరికి ఆయన మొహం పాలిపోయింది. గొడుగు ఊతం చేసుకుని ఇసుకలో నడిచి వచ్చి, బెంచీ మీద కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కళ్ళు తెరిచాక ఇక జాగు చేయలేదు. పిల్లల్ని ఒకరినొకరు చూసుకోకుండా విడగొట్టి, ఒకణ్ణి బావి దగ్గర, ఒకణ్ణి పడవ నీడలో, ఇట్లా ఊరంతా చల్లి కూర్చోబెట్టించారు. కరుణాకుమారిని గుమ్మం అవతల నిలబడమన్నారు.

“మీరు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. సైగ చేసినా నేను రాసుకుంటాను.”

“అట్లాగేనండీ.”

ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. జేబులోంచి కొత్త వాచకం తీసి డిక్టేషను చెప్పారు. చదవమన్నారు. కూడికలు, భాగహారాలు చేయించారు. చిన్న చిన్న తప్పులు పోతున్నా పిల్లలు చేస్తున్నారు. ముత్యాలయ్య బిగుసుకుపోయి నోరు మెదపలేదు. కరుణాకుమారి గుమ్మం చెక్కను గట్టిగా పట్టుకుంది. రంగనాయకులు గారు వాడి వైపు కాసేపు చూసి, ఏమనుకున్నారో, పలక చేతికిచ్చారు. వాడు గడగడా రాసి చూపించాడు. ఆయన నొసటి ముడి కాస్త విడింది.

అప్పుడు ఆయన మడతపెట్టిన పరీక్ష పేపరు తీశారు. పిల్లల్ని మళ్ళీ ఒకటో వాడి నుంచీ పిలిచారు.

“వరుసకు పదమూడు చొప్పున ఏడు వరుసల్లో సరుగుడు మొక్కలు నాటారు. మొత్తం ఎన్ని మొక్కలు?”

“ఎనభై ఒకటండీ.”

రెండోవాడిని పిలిచారు. ఎనభై ఒకటి. మూడోవాడూ అంతే. గుమ్మం బయట కరుణాకుమారి మనసులోనే లెక్క వేసుకుంది. తొంభై ఒకటి కదా! ఈ ఎనభై ఒకటి వీళ్ళకు ఎవరు చెప్పారు? నాలుగోవాడు చెప్పేసరికి రంగనాయకులు గారి చెవులు ఎర్రబడ్డాయి. “అబద్ధం కూడా ఒకే రకంగా ఆడటం నేర్పించారన్నమాట,” అన్నారు, ఆమెకు వినబడేటట్టుగానే.

అయిదోది ఒక ఆడపిల్ల. ఆయన ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పలేదు. కళ్ళు పైకెత్తి, పెదవులు కదిలించడం మొదలుపెట్టింది. కరుణాకుమారి ఆ పెదవులనే చూసింది. పదమూడు ఒకట్లు… పదమూడు రెళ్ళు… ఆ కదలిక ఆమెకు తెలుసు. కింది నుంచి మెట్టు మెట్టూ ఎక్కుతోంది పిల్ల. ఏడో మెట్టు దగ్గర ఆగింది. “ఎనభై ఒకటండీ,” అంది, ఏ అనుమానమూ లేకుండా.

కరుణాకుమారికి చప్పున తట్టింది. తట్టిన మరుక్షణం ఆజ్ఞ మరిచిపోయింది.

“అయ్యా! ఒక్క మాటండీ!”

“మాట్లాడొద్దన్నానా లేదా?”

“అన్నారండీ. ఈ ఒక్కటీ చేసి, ఆ తరవాత ఏం రాసుకున్నా సరే. పిల్లలందరి చేతా పదమూడో ఎక్కం చెప్పించండి. నేను నీళ్ళ దాకా పోయి నిలబడతాను. నా మొహం కూడా వాళ్ళకు కనపడదు.”

ఆయన ఆమెను ఎగాదిగా చూశారు. నీళ్ళ దాకా పంపలేదు గాని, గోడ వైపు తిరిగి నిలబడమన్నారు. పిల్లల్ని అందర్నీ పిలిపించారు. ఎప్పుడూ చెప్పేటట్టే చెప్పండి అన్నారు. మాలకొండమ్మ పావడా సర్దుకుని, గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

“పదమూడు ఒకట్లు పదమూడు!”

తొమ్మిది గొంతులు కలిశాయి. తాటాకు కప్పు మీది పిట్టలు లేచిపోయాయి. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. మూళ్ళు, నాళ్ళు, అయిదులు. ఒక్క తప్పు లేదు. పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది. కరుణాకుమారి గోడకు నుదురు ఆనించి వింటోంది.

“పదమూడు ఏళ్ళు ఎనభై ఒకటి! పదమూడు ఎనిమిదులు నూట నాలుగు!”

“ఆగండి, ఆగండి,” అన్నారు రంగనాయకులు గారు. “మళ్ళీ చెప్పండి.”

మళ్ళీ అదే. ఇంకా గట్టిగా, ఇంకా కుదురుగా.

తరవాత ఏదో దగ్గు లాంటిది వినబడింది. కరుణాకుమారి తిరిగి చూసింది. అది దగ్గు కాదు. ఆ సన్నపాటి మనిషి గొడుగు పట్టుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మాలకొండమ్మను చూసి మళ్ళీ నవ్వారు.

“ఈ ఎక్కం ఎవరు నేర్పారమ్మా వీళ్ళకు?”

“నేనేనయ్యా.”

“ఏడు పదమూళ్ళు ఎనభై ఒకటైతే, ఇంకో పదమూడు కలిపితే తొంభై నాలుగే కదా. ఎనిమిదోది నూట నాలుగు ఎట్లా అయింది?”

మాలకొండమ్మ తల గోక్కుంది. “అది నాకూ అనుమానంగానే ఉండిందయ్యా. ఆడికి పొయ్యేసరికి పెద్ద దూకుడు దూకినట్టుంటాది. ఎక్కం గదా, దూకుతాదేమో అనుకున్నా.”

ఈసారి ఆయన నవ్వు వీధిలోకి కూడా వినబడింది. బయట గుంపుగా నిలబడ్డ తల్లులు, విషయం తెలియకపోయినా, ఒకరి మొహాలొకరు చూసుకుని తామూ నవ్వారు.

కరుణాకుమారి ముందుకు వచ్చింది.

“పై నాలుగు ఎక్కాలు నేను దగ్గరుండి వినలేదండీ. డిక్టేషను చూసుకుంటూ ఈ పిల్లకు వదిలేశాను. తప్పు నాది. నా మీద ఏం రాసినా ఒప్పుకుంటాను. పిల్లల ఫలితం మాత్రం ఆపకండి.”

“తప్పు మీదే,” అన్నారు ఆయన, నవ్వు తగ్గించుకుని. “అది రాయకుండా పోను. పిల్లల ఫలితం ఆపడానికి నాకు కారణం కనపడలేదు. ఆ లెక్కకు రావాల్సిన మార్కు ఎటూ పోయింది. మిగిలినవి వాళ్ళు సంపాదించుకున్నవే. పేపరు ముందే చూసినవాళ్ళయితే ఈ లెక్క ఒప్పు చేసేవాళ్ళమ్మా.”

ఆయన ఇన్స్పెక్షను పుస్తకం తెప్పించుకుని రాయడానికి కూర్చున్నారు. రాస్తూ రాస్తూ హాజరు రిజిస్టరు అడిగారు. అయిదో తరగతి పేజీ మీద వేలు పైనుంచి కిందికి జరిపారు.

“మీ పాళెంలో ఎవరూ ఊరు విడిచి పోలేదా?”

“లేదండీ. అందరూ ఉన్నారు.”

“ఊఁ,” అన్నారు. తిరిగి పుస్తకం మీదికి వంగి, ఎక్కములు ఉపాధ్యాయురాలే స్వయముగా వినవలెనని ఒక వాక్యం, అనారోగ్యపు పిల్లలతో సహా అందరినీ పరీక్షకు పంపుట మెచ్చదగినదని ఒక వాక్యం రాశారు. అనారోగ్యపు పిల్లలెవరో ఆమెకు అర్థం కాలేదు. తరవాత అబ్రహాము చెప్పాడు. పడవ దిగగానే, గాలికి కడుపులో తిప్పుతోందని రంగనాయకులు గారు ముందు తన అరుగు మీద కూర్చుని జీలకర్ర నీళ్ళు తాగినప్పుడు, చచ్చేటట్టుండే వాళ్ళను చేర్చుకోని ఆసుపత్రి మాట ఆయనతో కూడా అన్నాడట.

పోలేరమ్మ అప్పుడే దిగిన వంజరం చేప ఒకటి ఆకులో చుట్టి తెచ్చింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి వెనక్కి జరిగారు. చేప ముట్టని మనిషని తెలిసి పోలేరమ్మ నాలిక్కరుచుకుంది. చెంచయ్య తాటిముంజెలు కొట్టించి తెచ్చాడు. అవి మాత్రం ఆయన ఇష్టంగా తిన్నారు. వెళ్ళేముందు తొమ్మిదిమంది చేతా ‘తొంభై ఒకటి’ అనిపించి మరీ పడవెక్కారు.

పడవ కనుమరుగయ్యేదాకా కరుణాకుమారి ఒడ్డున నిలబడింది. ఇంటికి వచ్చి, కుండలో ఉన్న అన్నమంతా పెట్టుకుని, వంజరం పులుసుతో కడుపునిండా తింది. పెద్ద ముక్క తండ్రికి వేసింది. ఆయన దాన్ని మళ్ళీ ఆమె కంచంలోకే వేశాడు.

ఫలితాల కాగితం పది రోజుల్లో వచ్చింది. నాలుగు, అయిదు తరగతులు పాళెంలోనే నిలిచాయి. మాలకొండమ్మ ఆరో తరగతికి వెళ్ళలేదు. కాలువ కాలువే, పోలేరమ్మ గుండె పోలేరమ్మ గుండే. కాని తూకం దగ్గర తల్లిని మోసం చేసే బేరగాళ్ళు ఆ ఏటి నుంచి మరో పాళెం చూసుకున్నారు. కరుణాకుమారి ఇంకో అయిదేళ్ళు అక్కడే పనిచేసింది. కొన్నేళ్ళు ఫలితాలు బాగా వచ్చాయి, కొన్నేళ్ళు రాలేదు. రాని ఏడు మీటింగులో లేచి నిలబడి చీవాట్లు తినేది. అయితే మళ్ళీ ఎప్పుడూ చెప్పుల వైపు చూస్తూ ఉండిపోలేదు. ఎవరు ఎందుకు తప్పారో ఒక్కొక్కరి పేరూ పెట్టి చెప్పేది. వినే ఓపిక ఉంటే రంగనాయకులు గారు వినేవారు, లేకపోతే గొడుగు ఊపి కూర్చోమనేవారు.

విచారణ జరిగిన ఆ ఏడు, వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే తండ్రీ కూతుళ్ళు కావలికి బయల్దేరారు. నాయుడుపేటలో రైలెక్కారు. కిటికీ పక్కన చోటు దొరికింది. గూడూరు దాటేదాకా ఆమె తండ్రికి ఆ రోజు జరిగినదంతా మళ్ళీ చెప్పింది, తనకు తెలిసిందే అయినా ఆయన మళ్ళీ విన్నాడు. “ఎక్కం గదా, దూకుతాదేమో” అన్న చోట ఇద్దరూ నవ్వితే ఎదురుగా కూర్చున్న కుటుంబం వింతగా చూసింది. నెల్లూరు వచ్చేసరికి ఆమె కళ్ళు మూతలు పడ్డాయి. తండ్రి భుజం మీద తల వాల్చింది. కూతురు లేస్తుందేమోనని కదలకుండా కూర్చున్న అబ్రహాము కూడా కాసేపటికి గుర్రుపెట్టాడు.

ఎవరో “మామిడి పండ్లు, మామిడి పండ్లు” అని కిటికీ దగ్గర అరుస్తుంటే ఆమెకు మెలకువ వచ్చింది. కావలి ఎప్పుడో వెనక్కి పోయింది. రైలు ఉలవపాడులో ఆగి ఉంది.

“నాన్నా! లే, లే! ఊరు దాటిపోయినాం!”

పెట్టె, మూట కిందికి విసిరి, రైలు కదులుతుండగా ఇద్దరూ దిగారు. ప్లాట్‌ఫారం మీద ఎండ ఫెళ్ళుమంటోంది. వెనక్కి పోయే బండి సాయంత్రానికి గాని లేదన్నాడు పోర్టరు. అబ్రహాము చొక్కా దులుపుకుని, ఇంత నిద్ర ఎట్టా పట్టిందే మనకు అన్నట్టు కూతురి వైపు చూశాడు. ఆమె అప్పటికే బుట్ట దగ్గర కూర్చుని పండ్లు ఏరుతోంది.

“తొందరేముంది నాన్నా,” అంది, ఒక పండు వాసన చూస్తూ. “సాయంత్రం పోదాం.”